చందా కట్టండి, ఆటోపే తెర మాత్రం చదివి పిన్ కొట్టండి

ఈసారీ అదే ప్రశ్న. అనంతపురం నుంచి ఒక పాఠకుడు: "వేరుశనగ ధరలు, వానల మీద వారం వారం ఈమెయిల్ రాసే ఒకాయన ఇప్పుడు నెలకు 99 రూపాయలు కట్టమంటున్నారు. నెట్‌లో ఊరికే దొరికేదానికి డబ్బులెందుకండీ?"

ఊరికే దొరుకుతుంటే అక్కడే చదువుకోండి. దొరకడం లేదు కాబట్టే ఇన్నాళ్లూ ఆయన ఈమెయిల్ కోసం చూస్తున్నారు. మార్కెట్ యార్డుకు వెళ్లి నలుగురితో మాట్లాడి రాసే మనిషికి బస్ చార్జీలైనా గిట్టాలి కదా. గత రెండు నెలల్లో వచ్చినవాటిలో సగమైనా తెరిచి చదివారా? చదివితే కట్టండి. తెలిసినవాళ్లు కదా అని మొహమాటానికి మాత్రం కట్టొద్దు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ఏడాది చందా ఒకేసారి ఇవ్వకండి. జీవిత చందాలు కట్టించుకుని నాలుగు సంచికలకే మూతపడటం మన పత్రికలకు కొత్తేమీ కాదు. రచయితలు ఇలాంటి ఈమెయిళ్లు పంపి చందాలు తీసుకునే సబ్‌స్టాక్ లాంటి సైట్‌లో కడితే అందులో 10 శాతం ఆ సంస్థకు పోతుంది, చెల్లింపు చార్జీలు వేరే. తన యూపీఐకే నేరుగా వేయించుకునే రచయితకు ఆ కోత ఉండదు.

నాకు టెన్షన్ పెట్టేది ఆ 99 రూపాయలు కాదు, కడపనుంచి వచ్చిన ఈ ఉత్తరం: "1 రూపాయి ట్రయల్ అంటే నొక్కాను. వారం తర్వాత 499 కట్ అయింది. యాప్ తీసేసినా మళ్లీ కట్ అయింది."

యాప్ తీసేస్తే ఫోన్‌లో జాగా మిగులుతుంది, అంతే. మీరు ఆ రోజు పిన్ కొట్టింది 1 రూపాయికి కాదు, ఆటోపే మ్యాండేట్‌కి, అంటే మీ ఖాతాలోంచి వాళ్లే ఎప్పటికప్పుడు డబ్బు తీసుకునే అనుమతికి. ఆ తెరను ఒక్కసారి నిదానంగా చూడండి. పైన పెద్ద అక్షరాల్లో 1 రూపాయి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో ఎన్నాళ్లకోసారి, ఏ తేదీ దాకా, గరిష్ఠంగా ఎంత అనేవి ఉంటాయి. ఆ గరిష్ఠం దగ్గర 5,000 అని ఉన్నా మనవాళ్లు చూడరు. ఒకసారి ఒప్పుకున్నాక 15,000 లోపు మొత్తాలకు మామూలుగా ప్రతిసారీ పిన్ అడగరు. కట్ అయ్యే 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఇస్తారు కూడా, కాకపోతే లోన్ ఆఫర్ల మధ్య ఇంగ్లిష్‌లో వచ్చే ఆ ఎస్ఎంఎస్ ఎవరు చదువుతారు?

మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అనే చోటుకు వెళ్లి రద్దు చేయండి, అప్పుడే ఆగుతుంది. పనిలో పనిగా అక్కడ ఇంకేమున్నాయో కూడా చూడండి. ఎప్పుడో వదిలేసిన పాటల యాప్, పిల్లాడి గేమ్ బయటపడతాయి.

చేరడానికి ఒక్క నొక్కు, మానుకోవడానికి ఏడు మెనూలు పెట్టే డిజైనర్ల మీద నాకు ఒళ్లు మండుతుంది. ఇది తెలియక జరిగే పొరపాటు కాదు, కావాలని చేసేదే. వాడేవాళ్లని ఇలా మాయ చేసే డిజైన్లని డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబర్ 30న కేంద్రం వాటి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటివి 13 రకాలున్నాయి, 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' వాటిలో ఒకటి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. "మీ చందా ముగిసింది, ఇక్కడ నొక్కండి" అని వచ్చే మెయిల్ మాత్రం వేరే రకం దొంగతనం. అందులోని లింక్ ముట్టుకోకుండా సైట్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మంచి రచయితకు కట్టినా ఇదే జాగ్రత్త. సబ్‌స్టాక్‌లో అయితే కట్టిన రోజే రెన్యువల్ క్యాన్సిల్ చేసేయండి. గడువు తీరేదాకా చదువుకోవచ్చు, కావాలంటే మళ్లీ కట్టొచ్చు.

కర్నూలు నుంచి ఇంకొకరు: "నేను చందా కట్టి, వచ్చే ఈమెయిల్‌ని మా వాట్సాప్ గ్రూప్‌లో పెడితే తప్పేంటి?" అందరూ అలాగే చేస్తే ఆ రచయిత రాయడం మానేస్తాడు, మీ గ్రూప్‌లో పెట్టడానికి ఏమీ ఉండదు. ఆ ఈమెయిల్‌కి రిప్లై కొట్టండి, చాలావరకు రాసినాయనకే చేరుతుంది. పదిమందికి కలిపి ఎంత తీసుకుంటారో అడగండి.