పాఠకుల ప్రశ్నలు: కుంటలో క్రాపీకి ఏ ఫ్లై?

ప్రశ్న: మా కాలనీ కుంటలో క్రాపీ చేపలు ఉన్నాయి. ఇన్నాళ్లూ గాలానికి బెండు కట్టి, బతికున్న చేపపిల్లలను ఎర వేసి పట్టేవాణ్ణి. ఈ వసంతంలో ఫ్లై రాడ్ కొన్నాను. దుకాణంలో ఈకలతో, వెంట్రుకలతో కట్టిన ఫ్లైలు (కొక్కెం మీద కట్టే కృత్రిమ ఎరలు) వందల రకాలు ఉంటే, మెరిసేవీ రంగురంగులవీ ఏరుకుని తెచ్చాను. చిన్న బాస్ చేపలు పడుతున్నాయి గాని క్రాపీ ఒక్కటీ పడటం లేదు. ఏవి వాడాలి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: క్రాపీకి ఫ్లై ఎంచుకునేటప్పుడు రంగు కంటే ముందు చూడవలసింది బరువు. ఈ చేప కళ్లు తలపై భాగాన ఉంటాయి. తనకు కాస్త పైన మెల్లగా కదిలేదాన్ని పైకి లేచి అందుకోవడం దాని అలవాటు, కిందుగా పోయేదాని కోసం దిగడం అరుదు. బరువైన ఫ్లై చేపను దాటి గబగబా అడుక్కు పోతే అది ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

అందువల్ల 8 నుంచి 12 నంబరు కొక్కేల మీద కట్టిన, అంగుళం, అంగుళమున్నర పొడవున్న ఫ్లైలు తీసుకోండి (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందని మరవకండి). మొదటి ఎంపికగా నేను క్లౌజర్ మిన్నోను సూచిస్తాను. పెన్సిల్వేనియాకు చెందిన బాబ్ క్లౌజర్ 1980లలో బాస్ చేపల కోసం రూపొందించిన ఈ ఫ్లైకి కళ్లు (కళ్లలా కనిపించే జంట బరువులు) కొక్కెం కాడ మీద కట్టి ఉండటం వల్ల అది నీటిలో తిరగబడి, మొన పైకి ఉండేలా సాగుతుంది. క్రాపీలు దాగే మునిగిన కొమ్మల మధ్య చిక్కుకోవడం తగ్గుతుంది. అయితే సీసపు కళ్లున్నది కాకుండా, తేలికైన పూసల గొలుసు కళ్లున్నది అడిగి తీసుకోండి. రెండోది చిన్న వూలీ బగ్గర్. దాని తోకకు వాడే మారబూ అనే మెత్తటి ఈకలు పొడిగా ఉన్నప్పుడు దూదిపింజల్లా ఉబ్బి కనిపిస్తాయి. తడిస్తే సన్నబడి, మీరు దారం లాగకుండా ఆపినా కదులుతూనే ఉంటాయి. క్రాపీకి కావలసింది ఆ నిదానపు కదలికే.

రంగుల సంగతి చెప్పాలంటే, తేట నీటిలో తెలుపు, బూడిద రంగు. మురికి నీటిలో నలుపు లేదా చిలకపచ్చ చాలు. మిగతావి మత్స్యకారుణ్ణి పట్టడానికి కట్టినవని నా అనుమానం.

ఫ్లై నీటిలో పడ్డాక ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మునగనిచ్చి, ఆపైన మెల్లగా లాగండి. ప్రతిసారీ లెక్క కొంచెం పెంచుతూ పోతే ఏ అంకె దగ్గర చేప అందుకుందో తెలుస్తుంది, ఆ తరువాత ఆ లోతునే నమ్ముకోవచ్చు. మీకు అలవాటైన బెండునూ వదలనక్కర్లేదు, దాని కింద ఫ్లైని కోరిన లోతులో వేలాడదీస్తే చిరుగాలికి లేచే అలలే దాన్ని ఆడిస్తాయి. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి గుడ్లు పెట్టే కాలం వచ్చినప్పుడు క్రాపీలు ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీటికి వస్తాయి, కాబట్టి అప్పుడు తేలికైన ఫ్లై మరీ అవసరం. ఎండాకాలంలో సూర్యోదయానికి ముందు, సంధ్యవేళ ప్రయత్నించండి. క్రాపీ కింది నుంచి లేచి అందుకోవడం వల్ల దారం ఒక్కోసారి బిగుసుకోవడానికి బదులు వదులవుతుంది. అప్పుడు రాడ్‌ను నెమ్మదిగా ఎత్తండి. దాని నోటి పొర కాగితమంత పలుచన, గట్టిగా గుంజితే చిరిగిపోతుంది.

టెక్సస్ ప్రభుత్వ జలాల్లో 17 ఏళ్లు నిండినవారికి లైసెన్సు ఉండాలి. సాధారణ నియమం ప్రకారం 10 అంగుళాల కంటే చిన్న క్రాపీని వదిలేయాలి, రోజుకు 25 మించకూడదు. కాలనీ కుంట కాబట్టి మీ నివాసుల సంఘం నియమాలనూ కనుక్కోండి.

ప్రశ్న: మా కుంటలో క్రాపీలు విరివిగా పడుతున్నాయి గాని, అన్నీ అరచేతి పొడవే. ఫ్లై పెద్దది వాడితే పెద్దవి పడతాయా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: పడకపోవచ్చు. చిన్న కుంటల్లో క్రాపీలు విపరీతంగా పెరిగి, ఆహారం చాలక గిడసబారిపోవడం తరచూ జరిగేదే. యజమాని అనుమతీ రాష్ట్ర నిబంధనలూ ఒప్పుకుంటే చిన్నవాటిని తిరిగి వదలకుండా వండుకోండి. వాటిని తినే పెద్ద బాస్ చేపలను మాత్రం కుంటలోనే ఉండనివ్వండి.