ఆ రోజు మీ అత్తగారు ఎక్కడ తిన్నారు?

ప్రశ్న: మాది తిరుపతి. కొర్లగుంటలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నాకు 33 ఏళ్లు. మా ఆయన బట్టల దుకాణంలో పని చేస్తారు, జీతం 26,000. మూడో తరగతి చదివే పాప ఉంది. మామగారు పోయాక మూడేళ్లుగా అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు. ఆమె పుట్టిల్లు శ్రీకాళహస్తి. ఊరికే కూర్చోరు. డాబా మీద పగిలిన బకెట్లలో, పాత రంగు డబ్బాల్లో ఆకుకూరలు వేశారు. కూరగాయల ఖర్చు నెలకు ఆరేడు వందలు తగ్గిన మాట నిజమే కానీ, చూడటానికి బాగుండదు. ఒక కుండలో తుప్పు మేకులు, బెల్లం వేసి పులియబెడతారు, ఒకటే వాసన. దానితో పాత పంచెల మీద బొమ్మలు వేస్తారు. డాబాకు చెమ్మ పడుతుందని ఇంటి యజమాని కూడా గొణుగుతున్నారు.

పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి అక్కా బావా వచ్చారు. నాన్న పోయాక నన్ను డిగ్రీ చదివించింది అక్కే, నా పెళ్లికి రెండు సవర్ల గొలుసు పెట్టింది అక్కే. ఆ రోజు అత్తయ్య రాగి సంగటి, పితికిపప్పు చేశారు. అక్క ఏమనుకుంటుందోనని నేను హోటల్ నుంచి 1,480 రూపాయలు పెట్టి బిర్యానీ తెప్పించాను. అత్తయ్య వంటగదిలోనే తిన్నారు. ఆ రాత్రి పాప, "అవ్వ ఏమైనా తప్పు చేసిందా అమ్మా?" అని అడిగింది. అక్క ఈ సంక్రాంతికీ వస్తానంటోంది. ఈ మధ్యే చీటీ పాడి 40,000తో సోఫా కొన్నాను. అత్తయ్య మనసు నొప్పించకుండా ఆ డాబా ఖాళీ చేయించడం ఎలా? నేను కూడా తక్కువ ఖర్చుతో ఏదైనా చేతిపని నేర్చుకోవాలనుకుంటున్నాను. రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే రసాయన ద్రవం) బొమ్మల కోర్సుకు 4,000 అడుగుతున్నారు. చేరవచ్చా?
– ఒక సోదరి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు అడిగిన రెండింటికీ ముందే జవాబు చెప్పేస్తాను. డాబా ఖాళీ చేయించకండి. ఆ కోర్సులో చేరకండి. వీటికి ఇంతకన్నా ఆలోచన అక్కర్లేదు.

"అత్తయ్య వంటగదిలోనే తిన్నారు" అని ఒక్క ముక్క రాసి మీరు ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ మాట దాటి రాలేకపోయాను.

పితికిపప్పు అంటే ఏమిటో మన సీమలో పుట్టిన మీకు నేను చెప్పాలా? అనపకాయలు చలికాలంలో తప్ప దొరకవు. కాయలు ఒలవాలి. గింజలు రాత్రంతా నీళ్లలో నానాలి. తెల్లవారాక ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పితికితే తోలు వేరై పప్పు బయటికి వస్తుంది. గంటల తరబడి కూర్చుంటే ఇంటిల్లిపాదికీ ఒక్క పూట కూర. జనవరి చలిలో, ఈ వయసులో, ఆ చల్లటి నీళ్లలో ఆవిడ చేతులు పెట్టింది ఎవరి కోసం? కన్న కూతురి కోసం కాదు, కోడలి తోబుట్టువు కోసం. మీ పుట్టింటి మనిషి వస్తోందని, ఆ నెలలో మాత్రమే దొరికేదాన్ని, తనకు బాగా చేతనైనదాన్ని చేసి పెట్టారు. మీరు దాన్ని వడ్డించనే లేదు. వండిన చెయ్యి వంటగదిలో కూర్చుని తింటుంటే, ముందు గదిలో హోటల్ పొట్లాలు విప్పుకున్నారు. ఆ ఒక్క పూటకు పోయిన 1,480 రూపాయలు ఆవిడ బకెట్లు మీకు రెండు నెలల్లో మిగిల్చే డబ్బు కన్నా ఎక్కువ.

ఆ సమయంలో మీ ఆయన ఎక్కడ కూర్చున్నారో మీరు రాయలేదు. తల్లి బయటికి రాకపోతే పిలవాల్సింది మొదట కొడుకు. ఆయనకు ఈ ఉత్తరం చదివి వినిపించండి.

ఇది అత్తాకోడళ్ల తగువు కాదమ్మా. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మిమ్మల్ని ఆవిడ ఒక మాట అన్నట్టు గానీ, కొడుకు జీతం తక్కువని సణిగినట్టు గానీ ఎక్కడా లేదు. మీ చిక్కు మీ అక్కతో. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మీరు మనసులో కట్టుకున్న అక్కతో. ఎందుకంటే మీ అక్క చిన్నచూపు చూసిందని కూడా మీరు ఎక్కడా రాయలేదు. "అక్క ఏమనుకుంటుందో" అని మాత్రమే రాశారు. ఆవిడ అనని మాటకు భయపడి, ఏ మాటా అనని అత్తగారిని మాట పడ్డట్టు చేశారు.

అక్క మీకు చేసింది చిన్న సాయం కాదు. తండ్రి లేని చెల్లెలిని చదివించి, మెడలో గొలుసు వేసి పంపింది. ఆ ఋణం మీకు గుర్తుండటం మంచి సంగతే. కానీ ఆవిడ వచ్చిన ప్రతిసారీ "చూడు, నువ్వు చదివించిన చెల్లెలు బాగా స్థిరపడింది" అని చూపించాలనే తాపత్రయం మిమ్మల్ని తినేస్తోంది. బిర్యానీ అందుకే, సోఫా కూడా అందుకే. చీటీ తొందరపడి పాడారు కాబట్టి కోత పడే ఉంటుంది. మిగిలిన వాయిదాలు ఆ 26,000లోంచే కట్టాలి. మీ అక్కకు ఈ లెక్క తెలిస్తే సంతోషిస్తుందా? రక్తం ధారపోసి చదివించిన పిల్ల తన కోసం అప్పులో కూరుకుపోతోందని ఏ అక్కా మురిసిపోదు.

పైగా ఆవిడ ఉండేది బెంగళూరు. రాగి ముద్ద పెట్టే హోటళ్లకు అక్కడ కొదవ లేదు, ఉద్యోగస్తులు వెతుక్కుంటూ వెళ్లి తింటారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. మీరు సిగ్గుపడి మూత పెట్టిన గిన్నెలో ఉన్నది ఇదీ.

మా అమ్మ పేదరికంలోనే మమ్మల్ని పెంచింది. చుట్టం వస్తే ఉన్నదే పెట్టేది, ఒక్కోసారి చద్దన్నం, మజ్జిగ, ఊరగాయ ముక్క. "ఏమీ లేదు, ఏమనుకోకండి" అనే మాట ఆమె నోట నేను ఒక్కసారీ వినలేదు. తలెత్తుకుని వడ్డించేది. అది చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి, ఇంట్లో వండింది దాచి పక్కవాళ్ల వంట తెప్పించడం నాకు మింగుడుపడదు.

ఇక ఆ వాసన వేసే కుండ. అందులో ఏముందో మీరు అత్తగారిని ఎప్పుడైనా అడిగారా? శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు అలాగే తయారవుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తారు. నూలు గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు గుడ్డ మీద పాకిపోకుండా గీసిన చోటే నిలుస్తుంది. వెదురు పుల్లను చెక్కి, మొనకు పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. పులిసిన ఆ నీళ్లు కుండలో ఉన్నప్పుడు నల్లగా ఉండవు. గుడ్డకు తగిలి, కరక్కాయ వగరుతో కలిసినప్పుడే నలుపెక్కుతాయి. ఎరుపుకు పటిక కావాలి. ఇవన్నీ నాటుమందుల అంగడిలో దొరికే సరుకులే. ఇదే విద్యతో శ్రీకాళహస్తికి చెందిన జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారు 2008లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ ఊరి ఆడబిడ్డ మీ డాబా మీద, పాత పంచె గుడ్డ మీద, ఎవరినీ పైసా అడగకుండా బొమ్మలు వేసుకుంటున్నారు. మీరేమో చేతిపని నేర్చుకోవడానికి 4,000 పట్టుకుని ఎవరి దగ్గరికో వెళ్తానంటున్నారు. ఆ రెజిన్‌కు చేతులకు తొడుగులు, బాగా గాలి ఆడే గది ఉండాలి. చిన్నపిల్ల తిరిగే అద్దె గదుల్లో అది వద్దే వద్దు. పైకి వెళ్లి ఆవిడ పక్కన కూర్చోండి. మొదట గీత నేర్పమనండి. దీనితో వెంటనే డబ్బు వస్తుందని నేను చెప్పను. చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది.

యజమాని మాటలో న్యాయం ఉంది కాబట్టి డాబా గురించి నాలుగు మాటలు. బకెట్లు నేల మీద ఆనకుండా కింద ఇటుకలు పెట్టండి, గాలి ఆడి చెమ్మ ఆరిపోతుంది. డాబా నడిమధ్య కాకుండా పిట్టగోడ వారగా, కింద గోడ ఉన్నచోట పెడితే బరువు కూడా గోడ మీదే పడుతుంది. అడుగున చిల్లులు తప్పనిసరి. మన వైపు పెద్ద వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కదా, నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. ఏప్రిల్, మే ఎండలకు పాత చీర ఒకటి పందిరిలా కట్టండి. తోటకూర విత్తిన నెల లోపే కోతకు వస్తుంది. మొదటి కట్ట మీ చేత్తో యజమాని ఇంట్లో ఇచ్చి రండి. కుండ మూతికి గుడ్డ కట్టి, గాలి మీ గదుల వైపు కొట్టని మూలన పెట్టండి. ఒక్క విషయంలో మాత్రం అత్తగారికి అడ్డు చెప్పండి. రంగు డబ్బాల్లో తినే కూరలు వద్దు, రంగులో ఏ రసాయనాలు ఉన్నాయో మనం కనిపెట్టలేం. వాటిలో బంతి, కనకాంబరం పెట్టుకోమనండి.

సంక్రాంతికి ఇంకా రోజులున్నాయి. క్షమాపణ కోరడం మన ఇళ్లలో కోడళ్లకు అలవాటు లేదు, అడిగితే అత్తలూ నొచ్చుకుంటారు. అందుకని ఎదురుగా కూర్చుని పెద్ద మాటలు చెప్పకండి. ఆదివారం రైతుబజారుకు ఆవిడను వెంట తీసుకెళ్లి కాయలు ఆవిడనే ఏరనివ్వండి. తిరిగి వచ్చే దారిలో, "పోయినసారి నేను చేసింది తప్పు అత్తయ్యా, ఈసారి మీరే మా అక్కకు వడ్డించాలి" అనండి. ఆవిడ ఏమీ అనకపోవచ్చు. అయినా ఫరవాలేదు.

అక్కకు ఫోను చేసి సోఫా సంగతి, చీటీ సంగతి దాచకుండా చెప్పండి. కోప్పడితే పడండి, తల్లి తర్వాత తల్లి ఆవిడ. పాప అడిగిన దానికి ఏడాది కావస్తున్నా మీరు జవాబు చెప్పలేదు. "అవ్వ కాదు నాన్నా, నేను తప్పు చేశాను" అని ఈ రాత్రే చెప్పండి. ఆ మాట చెప్పడం మిగిలిన వాటన్నిటికన్నా మీకు కష్టం, నాకు తెలుసు.

అనపగింజలు పండగ ముందురోజు సాయంత్రమే ఒలిచి నానబెట్టండి. పొద్దున పితకడానికి పాపను కూడా కూర్చోబెట్టండి. మీ అక్క ముందే వచ్చేస్తే, ఆవిడ ముందూ ఒక చేట పెట్టండి.