రెండు సర్వర్లూ ఒకటే, మెమరీ హద్దులు మాత్రం వేరు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

రెండూ ఒకే మోడల్, రెండింట్లోనూ 64 జీబీ ర్యామ్, ఒకే లినక్స్, ఒకే ప్రోగ్రాం. అయినా ఒకదాంట్లో రాత్రి జాబ్ ‘కెనాట్ అలొకేట్ మెమరీ’ అని ఆగిపోతోందని రాశావు. రెండుచోట్లా లాగిన్ అయి హద్దులు చూపే యులిమిట్ -ఏ కమాండ్ కొడితే అంకెలన్నీ ఒకేలా ఉన్నాయన్నావు. తల్లీ, నువ్వు చూసినవి నువ్వు కమాండ్లు కొట్టే షెల్ హద్దులు. పడిపోతున్న ప్రాసెస్‌వి, అంటే నడుస్తున్న ఆ జాబ్‌వి, కావు.

యూనిక్స్‌లో ఈ హద్దు ప్రాసెస్‌ది, మెషిన్‌ది కాదు. పిల్ల ప్రాసెస్ పుట్టగానే తల్లి ప్రాసెస్ హద్దులే దానికి వస్తాయి. అందుకని ముందు తెలుసుకోవాల్సింది ఆ జాబ్‌ను ఎవరు లేపారన్నది. మీ దగ్గర వేళకు జాబ్‌లు నడిపే షెడ్యూలర్ ఏజెంట్ లేపుతోంది కదా, మరి ఆ ఏజెంట్‌ను లేపిందెవరు? ఎవరైనా లాగిన్ అయి చేత్తో స్టార్ట్ చేసి ఉంటే లాగిన్ హద్దులు రాసి ఉంచే లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఫైల్లోని హద్దులు వస్తాయి. మెషిన్ బూట్ అయ్యేటప్పుడు సర్వీసులను లేపే సిస్టమ్‌డీ లేపితే ఆ ఫైలు వంక చూడనే చూడదు, ఆ సర్వీసు సెట్టింగులుండే యూనిట్ ఫైల్లో ఏం రాసుంటే అదే. చాలాకాలం బాగా నడిచిన సర్వీసు ఒక్క రీబూట్‌తో మొరాయించడానికి తరచూ ఇదే కారణం.

జాబ్ నడుస్తున్నప్పుడే దాని పీఐడీ, అంటే ప్రాసెస్ నంబరు, పట్టుకో. స్లాష్ ప్రాక్ కింద ఆ నంబరు డైరెక్టరీలో లిమిట్స్ అనే ఫైలుంటుంది. అందులో ‘మ్యాక్స్ అడ్రస్ స్పేస్’ (ప్రాసెస్ మొత్తం మెమరీ చోటుకు హద్దు) వరస చూడు. అక్కడ అంకెలు బైట్లలో ఉంటాయి, యులిమిట్ -వీ చెప్పేది కిలోబైట్లలో. ఒకచోట 4194304, ఇంకోచోట 4294967296 కనిపిస్తే కంగారు పడకు, రెండూ 4 జీబీయే. యులిమిట్ -ఎమ్ అంకెను అసలు పట్టించుకోకు, ఇప్పటి లినక్స్ కెర్నల్ దాన్ని అమలు చేయదు. ఐబీఎమ్ వాళ్ల యూనిక్స్ అయిన ఏఐఎక్స్ పెట్టెల మీద పని పడితే ఇంకా జాగ్రత్త. అక్కడి లిమిట్స్ ఫైల్లో డేటా 262144 అని ఉంటే అవి 512 బైట్ల బ్లాకులు, అంటే 128 ఎంబీ మాత్రమే.

ఆ ఫైలు కూడా రెండుచోట్లా ఒకేలా ఉంటే, నా అనుమానం ఓవర్‌కమిట్ మీద, అంటే ఉన్నదానికన్నా ఎక్కువ మెమరీకి కెర్నల్ మాట ఇచ్చే పద్ధతి మీద. సిస్‌సీటీఎల్ కమాండ్‌తో వీఎం డాట్ ఓవర్‌కమిట్ అండర్‌స్కోర్ మెమరీ విలువ చూడు. డేటాబేస్ వాళ్లు ఒక్కోసారి దాన్ని 2 చేస్తారు. అప్పుడు కెర్నల్ స్వాప్ (ర్యామ్‌కు తోడుగా డిస్కు మీద ఉంచే చోటు) మొత్తానికి ర్యామ్‌లో సగం కలిపి, అంతకుమించి ఎవరికీ మాట ఇవ్వదు. ఆ సగం అన్నది డిఫాల్ట్, మార్చుకోవచ్చు. 64 జీబీ ర్యామ్ ఉండి స్వాప్ లేకపోతే 32 జీబీ దగ్గరే ఆగిపోతుంది. 32 జీబీ స్వాప్ ఉన్న పక్క సర్వర్‌లో అదే లెక్క 64కి వెళ్తుంది. ఫ్రీ కమాండ్ బోలెడు ఖాళీ చూపిస్తుంటే ప్రోగ్రాం మెమరీ అడిగే మాలాక్ ఫెయిల్ అవడం ఇలాగే. స్లాష్ ప్రాక్ కింది మెమ్‌ఇన్ఫో ఫైల్లో కమిట్‌లిమిట్ (ఆ హద్దు), కమిటెడ్ ఏఎస్ (ఇప్పటికే మాట ఇచ్చినది) పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుంది.

కొన్ని ప్రాసెస్‌లకు కలిపి హద్దు పెట్టే సీగ్రూప్ సంగతి వేరు. ఆ హద్దు తగిలితే మామూలుగా నీకొచ్చిన మెసేజ్ రాదు, కెర్నల్ నేరుగా చంపేస్తుంది. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తుంది, కెర్నల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో ఆనవాలు ఉంటుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నీది ఆ కేసు కాదు.

ఎవరో ఒకరు ‘అన్నీ అన్‌లిమిటెడ్ చేసెయ్’ అంటారు, వినకు. ఆ సర్వర్ మీదే డేటాబేస్ కూడా ఉందన్నావు. జాబ్‌లో మెమరీ లీక్ ఉంటే, అంటే తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వకపోతే, ఇవాళ జాబ్ ఒక్కటే పడుతోంది, హద్దు తీసేస్తే డేటాబేస్‌ను కూడా పట్టుకుపోతుంది. కావలసినంతే పెంచు, అదీ యూనిట్ ఫైల్లోనే పెంచి ఏజెంట్‌ను రీస్టార్ట్ చెయ్యి.

ఈ రాత్రి జాబ్ నడుస్తుండగా రెండు సర్వర్లలోనూ ఆ లిమిట్స్ ఫైలు, మెమ్‌ఇన్ఫో కాపీ తీసి, తేడాలు చూపే డిఫ్ కొట్టి నాకు పంపు. పొద్దున్నే చూస్తాను.

మీ పెదనాన్న