పెద్దసారు కంపెనీ, సర్కారు కాంట్రాక్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పలమనేరు నుంచి ఒక పాఠకుడు: పంచాయతీ సిమెంటు రోడ్డు పని సొంత పేరు మీద తీసుకుంటే వార్డు మెంబరు పదవి కూడా పోతుందంటారు. మరి ఎమ్మెల్యేలకు, ఎంపీలకు పెద్ద పెద్ద కంపెనీలున్నాయి, అవి ప్రభుత్వ పనులే చేస్తున్నాయి, వాళ్లకేం కావడం లేదు. చట్టం అందరికీ ఒకటి కాదా సార్?

జవాబు: కాదు. పంచాయతీరాజ్ చట్టం, ఆ పనిలో నీకు లాభం ఉందా లేదా అని చూస్తుంది. ఎమ్మెల్యే, ఎంపీల సంగతి చూసేది 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఎ సెక్షన్. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకు ఇవ్వడానికో, ప్రభుత్వ పని చేయడానికో ఒప్పందం చేసుకుని, అది ఇంకా నడుస్తూ ఉంటే ఆ మనిషి అనర్హుడు. చదవడానికి గట్టిగానే ఉంది కదా. కానీ ఆ ఒప్పందం మీద ఉండాల్సింది ఆయన పేరు. కంపెనీ పేరు మీద ఉంటే, కంపెనీ వేరు, అందులో వాటాలున్న మనిషి వేరు అని పక్కకు తప్పుకోవచ్చు. మొదట్లో ఈ చట్టం ఇంత మెత్తగా లేదు. వేరేవాళ్ల పేరుతో పెట్టినా, అందులో వాటా ఉన్నా వేటు పడేలాగే రాశారు, 1958లో సవరించి ఆ కోరలు పీకేశారు.

ఇంకో తమాషా వినండి. ఎంపీకి లెక్కలోకి వచ్చేది కేంద్ర ప్రభుత్వ కాంట్రాక్టు మాత్రమే, ఎమ్మెల్యేకి రాష్ట్రానిది మాత్రమే. అంటే ఎంపీగారు రాష్ట్ర ప్రభుత్వ కాంట్రాక్టును దర్జాగా సొంత పేరు మీదే చేసుకున్నా ఈ సెక్షన్ ఆయన జోలికి రాదు. పని పూర్తయి బిల్లులు మాత్రం పెండింగ్‌లో ఉన్నా ఇబ్బంది లేదు, అది నడుస్తున్న ఒప్పందం కాదని సెక్షన్‌లోనే వివరణ ఇచ్చారు. మన రాష్ట్రంలో బిల్లుల కోసం ఏళ్ల తరబడి తిరిగే చిన్న కాంట్రాక్టర్లకు దీనివల్ల కొంత ఊరట ఉంది, అది న్యాయమే అంటాను.

చిత్తూరు నుంచి, పేరు వద్దన్న పాఠకుడు: మా వైపు గ్రానైట్ క్వారీలు ఎవరివో అందరికీ తెలుసు. క్వారీ లీజు కూడా కాంట్రాక్టే కదా?

జవాబు: మనకు అలాగే అనిపిస్తుంది, సుప్రీంకోర్టు అలా అనలేదు. గని లీజు అంటే ప్రభుత్వ పని చేసిపెట్టే కాంట్రాక్టు కాదని 1964లోనే, అదీ మన ఆంధ్ర నుంచి వెళ్లిన ఎన్నికల కేసులో చెప్పింది. ఆ తర్వాత జార్ఖండ్‌లో హేమంత్ సోరెన్ ముఖ్యమంత్రిగా ఉంటూ, గనుల శాఖ కూడా తన దగ్గరే పెట్టుకుని, రాంచీ దగ్గర 88 సెంట్ల రాతి గని లీజు తన పేరు మీదే తీసుకున్నారని 2022లో గొడవైంది. ఆయన లీజు వదులుకున్నారు. ఎన్నికల సంఘం తన అభిప్రాయాన్ని గవర్నర్‌కు పంపింది, గవర్నర్ దాన్ని బయటపెట్టలేదు. ఇస్తున్నదీ తనే, తీసుకుంటున్నదీ తనే అయినప్పుడు అది 9ఎ కిందికి వస్తుందా రాదా అన్నది లాయర్లు తేల్చుకునే విషయం. సభలో లేచి నిలబడి అడగాల్సిన ప్రశ్న మాత్రం అది కానే కాదు. ఆ ఫైలు మీద సంతకం ఎవరిది అని అడగాలి.

మంత్రులకు ప్రవర్తనా నియమావళి ఒకటుంది. పదవి చేపట్టే ముందు వ్యాపార నిర్వహణతో సంబంధం తెంచుకోవాలి, ఆస్తుల వివరాలు ప్రధానికో ముఖ్యమంత్రికో ఇవ్వాలి. వ్యాపారాన్ని ఇంట్లో మేజరైన వాళ్లకో బంధువుకో అప్పగించొచ్చు, భార్యకో భర్తకో మాత్రం కాదు. అంటే కొడుకు పరవాలేదు, తమ్ముడు పరవాలేదు, బామ్మర్ది కూడా పరవాలేదు! పైగా ఈ నియమావళి చట్టం కాదు. రాష్ట్ర మంత్రి దాటితే చూడాల్సింది ముఖ్యమంత్రి, అసెంబ్లీ కాదు. నాకు అన్నిటికంటే పెద్ద లోపం ఇదే అనిపిస్తుంది.

తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని: అమెరికాలో ఎలాన్ మస్క్ ప్రభుత్వంలో కూర్చున్నప్పుడు అక్కడి చట్టసభ ఏం చేయగలిగింది? మన పార్లమెంటు అయితే ఏం చేసేదండీ?

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. అక్కడ చట్టం మనకంటే చాలా గట్టిది. ప్రభుత్వోద్యోగి ఎవరైనా తన సొంత లాభనష్టాలున్న వ్యవహారంలో వేలు పెడితే క్రిమినల్ నేరం (అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి మాత్రం ఇది వర్తించదు, అది వేరే కథ). మస్క్‌ను 'ప్రత్యేక ప్రభుత్వోద్యోగి'గా తీసుకున్నారు, అలాంటివాళ్లు ఏడాదిలో 130 రోజులకు మించి పనిచేయకూడదు. ఆయన రాకెట్ల కంపెనీ స్పేస్‌ఎక్స్‌కు నాసా కాంట్రాక్టులున్నాయి, ఆయన చేతికి ఇచ్చిన పనేమో ప్రభుత్వ ఖర్చులు కోయడం. మరి వైరుధ్యం వస్తే ఎలా అని అడిగితే, ఆయనే పక్కకు తప్పుకుంటారని వైట్‌హౌస్ చెప్పింది. తప్పుకోవాల్సిన సమయం వచ్చిందో లేదో తేల్చేది కూడా ఆయనే అన్నమాట.

2025 ఫిబ్రవరి 5న ప్రతినిధుల సభ పర్యవేక్షణ కమిటీలో డెమోక్రాట్లు ఆయనకు సమన్లు ఇవ్వాలని ప్రతిపాదించారు. 20-19 ఓట్లతో దాన్ని పక్కన పెట్టేశారు. అంతకు కొద్ది రోజుల ముందే వివిధ శాఖల్లో తప్పులు పట్టే ఇన్‌స్పెక్టర్ జనరళ్లను పదిహేను మందికి పైగా ఒకేసారి తీసేశారు. అంత గట్టి చట్టమూ ఒక్క ఓటు తేడా దగ్గర ఆగిపోయింది. కమిటీలో మెజారిటీ ఎవరిదన్నది చట్టంలో ఏం రాసుందన్నదానికంటే ముఖ్యమైపోయింది.

ఇక మన సంగతి. రాజ్యసభలో సభ్యుల ప్రయోజనాల రిజిస్టర్ ఉంది. జీతం వచ్చే డైరెక్టర్ పదవి, కంపెనీని శాసించేంత వాటా, కన్సల్టెన్సీ ఫీజులు, ఇలాంటివి అందులో రాయాలి. తనకు డబ్బు సంబంధం ఉన్న విషయం సభ ముందుకొస్తే ఆ సంగతి ముందు చెప్పాలి, చెప్పకుండా చర్చలో పాల్గొనకూడదు. లోక్‌సభలో 371వ నియమం ప్రకారం, ఓటింగ్ అయ్యాక ఎవరైనా అభ్యంతరం లేవదీస్తే స్పీకర్ తేలుస్తారు. అంతా పెద్దమనుషుల లెక్క! అప్పటి రాజ్యసభ ఎంపీ విజయ్ మాల్యా సొంతంగా విమానాల కంపెనీ నడుపుతూనే పౌరవిమానయానానికి సంబంధించిన పార్లమెంటరీ కమిటీలో సభ్యుడిగా కూర్చున్నారు. ఎథిక్స్ కమిటీ ఆయన మీద కదిలింది 2016లో, అదీ బ్యాంకు అప్పులు ఎగ్గొట్టి దేశం దాటాక. బహిష్కరణ దాకా రాకముందే ఆయనే రాజీనామా చేశారు.

స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీకి అధిపతిగా ఉన్న మాధవీ పురి బుచ్ మీద 2024లో ఇలాంటి ఆరోపణలే వచ్చినప్పుడు పార్లమెంటు ప్రజాపద్దుల కమిటీ, అదే పీఏసీ, అక్టోబరు 24న రమ్మంది. రాలేనని ఆ ఉదయమే కబురు వచ్చింది, సమావేశం వాయిదా పడింది. ఆమె ఆరోపణలను ఖండించారు, 2025 మేలో లోక్‌పాల్ కూడా ఫిర్యాదులను కొట్టేసింది, అది కూడా చెప్పాలి. కానీ ఆ కమిటీ కనీసం పిలవగలిగిందంటే కారణం, దానికి ప్రతిపక్ష సభ్యుడు చైర్మన్‌గా ఉండటం. 1967 నుంచి లోక్‌సభలో అదే సంప్రదాయం.

పీలేరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్: అయితే మన అసెంబ్లీలో ఆ పీఏసీ ఎవరి చేతిలో ఉందయ్యా?

జవాబు: అధికార కూటమి చేతిలోనే మాస్టారూ. 2024 నవంబరులో మన పుంగనూరు ఎమ్మెల్యే పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి వైసీపీ తరఫున నామినేషన్ వేశారు. ఆ పార్టీకి ఉన్నది 11 మంది, పోలింగ్‌ను బహిష్కరించింది. చైర్మన్ పదవి భీమవరం జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులుకు దక్కింది. సంప్రదాయం పాటించలేదని వాళ్లు, బలం లేదని వీళ్లు. తప్పెవరిదైనా లెక్కలు అడిగే కుర్చీలో ప్రతిపక్షం లేదు. మన జిల్లాలో ఇలాంటి ఆరోపణ వస్తే ఏం చేస్తారో మీకు తెలియంది కాదు: 'దమ్ముంటే కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం' అంటారు. వినాయకుడి మీద నాకూ భక్తి ఉంది, కాకపోతే అక్కడ చెప్పింది రికార్డులోకి ఎక్కదు, కమిటీ ముందు చెప్పింది ఎక్కుతుంది.

శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకురాలు: మాబోటివాళ్లం ఏం చేయగలం?

జవాబు: మీ ఎమ్మెల్యే నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 2018లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక అందులో ప్రభుత్వ కాంట్రాక్టుల వివరాలూ చేర్చారు. అభ్యర్థివే కాదు, భార్య లేదా భర్తవి, వాటాలున్న భాగస్వామ్య సంస్థలవి, ప్రైవేటు కంపెనీలవి కూడా. 9ఎ పట్టుకోలేని కంపెనీ ఇక్కడ పేరుతో సహా కనిపించాలి. అది చూశాక టెండరు ఎవరికి దక్కిందో ఆ శాఖను సమాచార హక్కు కింద అడగండి. రెండూ కలిస్తే ఆ కాగితాలు అవతలి పార్టీ ఎమ్మెల్యేకి ఇచ్చి సభలో ప్రశ్న వేయమనండి, అసెంబ్లీ పిటిషన్ల కమిటీకి మీరే నేరుగా కూడా రాయొచ్చు. ఆ గడిలో 'లేవు' అని రాసుండి టెండరు మాత్రం అదే కంపెనీకి వెళ్లి ఉంటే, తప్పుడు అఫిడవిట్ అవుతుంది, ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 125ఎ కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు.