ప్లగ్ థ్రెడ్ విషయమై మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ నాన్నగారి మారుతి 800లో మధ్య సిలిండర్ స్పార్క్ ప్లగ్ విప్పబోతే రంధ్రంలోని థ్రెడ్ (మరలు) అంతా దానితోపాటే చుట్టలు చుట్టుకుని ఊడి వచ్చిందనీ, బండిని మెకానిక్ దగ్గరికి పంపకుండా నీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే బాగు చేసుకుంటానని కాయిల్ కిట్, అంటే పాడైన మరల చోట తీగచుట్ట దించే సామాను, కూడా తెప్పించుకున్నావనీ చెప్పింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు గ్రీజులో బతికినవాడి మేనల్లుడు కంప్యూటర్ ముందు నుంచి లేచి పానా పట్టుకున్నాడంటే నాకు గర్వంగానే ఉంది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. అందుకని రాస్తున్నాను, కిట్ డబ్బా తెరిచే ముందు ఒకటికి రెండుసార్లు చదువు.

తప్పు నీదేనని బాధపడకు. ఆ ప్లగ్గులు చివరిసారి బిగించింది నేను. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల మీద. దాని హెడ్, అంటే ప్లగ్గులు బిగించే ఇంజన్ పైభాగం, పోత ఇనుముది కాబట్టి పానా మీద ఒళ్లంతా వేసి బిగించినా ఓర్చుకునేది. మారుతి హెడ్ అల్యూమినియంది. ఆ సంగతి నా బుర్రకు వెంటనే ఎక్కింది గానీ చేతికి ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. పైగా ఆ రోజు మీ నాన్నగారు పక్కనే నిలబడి "గట్టిగా బిగించవోయ్, దారిలో ఊడిపోతుందేమో" అన్నారు. బావ మాట కాదనలేక ఇంకో పావు తిప్పు తిప్పాను. ఆ పావు తిప్పే ఇప్పుడు నీ మెడకు చుట్టుకుందేమోనని నా అనుమానం.

కొనకముందు అడిగి ఉంటే, కాయిల్ బదులు గట్టి బుష్ (లోపలా బయటా మరలున్న గొట్టం) ఉన్న కిట్ తెప్పించుకోమనేవాడిని. ఎందుకో కింద చెబుతాను. హెడ్ విప్పి లేత్ వాళ్ల దగ్గర బుష్ వేయించడం అన్నిటికన్నా నికరమైన దారే అయినా, టైమింగ్ బెల్టు, గ్యాస్కెట్ అన్నీ కదిలించాలి కనుక మొదటిసారి చేసేవాడికి అందులో ఇంకో నాలుగు తప్పులకు చోటుంది. సరే, ఉన్నదానితోనే చేద్దాం.

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీగ విప్పు. ప్లగ్ గుంట చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊదేయి. కిట్ 14 మిల్లీమీటర్ల, 1.25 పిచ్‌దేనా (పిచ్ అంటే మరకూ మరకూ మధ్య దూరం), కాయిల్ పొడవు నీ ప్లగ్ థ్రెడ్ పొడవుకు సరిపోతుందా అన్నది కొలిచి చూసుకో. క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ బాగా కిందికి దిగి ఉండేలా ఇంజన్‌ను తిప్పి పెట్టు. లేకపోతే ట్యాప్ (కాయిల్ కోసం కొత్త మరలు కోసే పనిముట్టు) కొస పిస్టన్ తలకు తగులుతుంది. ట్యాప్ గాడుల్లో గ్రీజు నిండా పూసుకుంటే రజను దానికే అంటుకుంటుంది. నిటారుగా పెట్టి, అర తిప్పు ముందుకు, పావు తిప్పు వెనక్కు వేస్తూ, మధ్యమధ్య బయటికి తీసి తుడిచి, మళ్లీ గ్రీజు పూసి దించు. మొదటి రెండు చుట్లు వంకర పోతే ఆ తర్వాత దాన్ని నిటారు చేయడం ఎవరి తరమూ కాదు. అల్యూమినియం మెత్తనిది, కాస్త రజను మిగిలినా పొగగొట్టంలోంచి పోతుందిలే అని మా షెడ్డులో చాలామంది అనేవారు. చాలాసార్లు అది నిజమే అయింది కూడా. అయినా నువ్వు ఆ మాట వినకు.

ఇక అసలు సంగతి. కాయిల్‌ను కిట్‌లోని పనిముట్టుతో లోపలికి తిప్పి, పై చుట్టు ప్లగ్ వాషర్ కూర్చునే చోటుకు కొంచెం దిగువన ఉండేటట్లు ఆపాక, దాని అడుగున అడ్డంగా ఒక చిన్న ముక్క మిగులుతుంది. దాన్ని మేము తోక అనేవాళ్లం. తిప్పడానికి పట్టు ఇచ్చేది అదే. పని అయ్యాక విరిచి తీసేయాల్సిందీ అదే. గట్టి బుష్‌కు ఈ తోక బెడద ఉండదు, అందుకే అది తెప్పించుకోమనేవాడినన్నాను.

1980ల చివర, మారుతులు మా షెడ్డుకు కొత్తగా వస్తున్న రోజుల్లో, ఒక బడి పంతులుగారు పీఎఫ్ డబ్బుతో కొనుక్కున్న సెకండ్ హ్యాండ్ బండికి సరిగ్గా నీ బండికి వచ్చిన తెగులే వచ్చింది. కాయిల్ చక్కగా దిగింది. మర్నాడు తెల్లవారుజామున ఆయన ఏలూరులో పెళ్లికి వెళ్లాలి, అప్పటికే చీకటి పడుతోంది. నేను తోకను పట్టుకారుతో పట్టుకోకుండా, పైనుంచి సన్నటి పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాను. టింగుమని విరిగింది. అయస్కాంతపు కడ్డీ లోపలికి దించి నాలుగు మూలలా తిప్పాను, ఏమీ రాలేదు. లోపల ఉంటే అంటుకోదా, ఎక్కడో బయటే ఎగిరిపడి ఉంటుందిలే అనుకున్నాను. ఆ తీగ స్టెయిన్‌లెస్ స్టీలుదనీ, దాన్ని అయస్కాంతం పట్టీపట్టనట్టే పడుతుందనీ నాకు తెలియదు. ఎవరినీ అడగలేదు. అడిగితే చిన్నతనం అనుకునే వయసు.

ప్లగ్ బిగించి స్టార్ట్ చేయగానే లోపల ఎవరో గోళీతో కొడుతున్నట్టు టకటకమని మోగింది. ఆపేలోపు పది సెకన్లయినా పట్టి ఉండదు. హెడ్ విప్పి చూస్తే పిస్టన్ తల నిండా పిట్ట పొడిచినట్టు గుంటలు, ఎగ్జాస్ట్ వాల్వ్ అంచుకు నొక్కు, ప్లగ్ కొస మూసుకుపోయింది, తోక మటుకు పిస్టన్‌లో సగం దిగబడి తళతళలాడుతోంది. పంతులుగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. టార్చిలైటు వెలుతురులో ఆ పిస్టన్‌ను కాసేపు చూసి, బస్సుకు వెళతానని సంచీ తీసుకుని నడిచిపోయారు. పిస్టన్, వాల్వ్ ఖర్చు మూడు నెలలపాటు నా జీతంలోంచి పోయింది. అది పెద్ద లెక్క కాదు, ఆ సంచీ ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది.

కాబట్టి పంచ్ ముట్టుకోవద్దు. పొడవాటి సన్నమూతి పట్టుకారుతో తోకను బిగించి పట్టుకుని, కిందికీ పైకీ మెల్లగా వంచుతూ పో. తోక మొదట్లో ఉండే గాటు దగ్గర అదే విరుగుతుంది. విరిగాక పట్టు వదలకుండా బయటికి తీయి. ఆ సమయంలో ఫోన్ మోగినా, పక్కింటి అల్లరి పిల్లలు పిలిచినా తల తిప్పకు.

ఆ తర్వాత వాక్యూమ్‌కు సన్నటి గొట్టం తగిలించి లోపల పీల్చు. బ్యాటరీ తగిలించి, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది) తీగ మాత్రం విప్పి ఉంచి, ప్లగ్ లేకుండానే రెండు మూడు సెకన్లు సెల్ఫ్ కొట్టు. మొహం మటుకు ఆ గుంట మీదికి పెట్టకు, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. కొత్త ప్లగ్ తలకు ఒక రబ్బరు గొట్టం తొడిగి వేళ్లతో తిప్పు, అడ్డంగా ఎక్కితే గొట్టమే జారుతుంది. వాషర్ ఆనాక పానాతో అర తిప్పు, మహా అయితే ఇంకొంచెం. టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. నా చేతిని గుర్తు తెచ్చుకుని అంతకంటే తక్కువ బలంతోనే మొదలుపెట్టు.

ఇంజన్ స్టార్ట్ చేయకముందే, ఆ తోక ముక్కను తెల్లకాగితం మీద పెట్టి ఫోటో తీసి నాకు పంపు. అది చూశాకే తాళం తిప్పమంటాను.

మీ మామయ్య