మిషన్ ట్రిప్‌కి 5.40 లక్షలు: చీటీ పాడాలా, నగలు పెట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు. నేను ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, మావారు అకౌంటెంటు. ఇద్దరికీ కలిపి నెలకు 96 వేలు చేతికొస్తాయి. ఇంటి లోను వాయిదా 27 వేలు, దశమభాగం 9,600, చీటీకి డివిడెండు పోను 17 వేలు, ఇంటి ఖర్చు 34 వేలు. వచ్చే సంక్రాంతి సెలవుల్లో మా చర్చి సంఘం నుంచి 14 మంది కంబోడియాలో సియెమ్ రీప్ దగ్గరి ఒక అనాథాశ్రమంలో 9 రోజులు సేవ చేయడానికి వెళ్తున్నారు. మనిషికి 1.35 లక్షలు: టికెట్టు 48 వేలు, వీసా, ఇన్సూరెన్సు 6 వేలు, బస, భోజనం 31 వేలు, ఆశ్రమానికి కానుక 50 వేలు. నలుగురమూ వెళ్లాలని ఆశ. పాప ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది, బాబు ఎనిమిదో తరగతి. బ్యాంకులో 2.20 లక్షల డిపాజిట్ ఉంది. 5 లక్షల చీటీ, 25 నెలలది, 14 నెలలు అయ్యాయి, ఇంకా పాడలేదు. అది పాప ఇంజినీరింగ్ ఫీజు కోసం వేసింది. దసరాకి మావారికి 35 వేలు బోనస్ వస్తుంది. చీటీ పాడమంటారా, నగలు పెట్టమంటారా? ఈ ఖర్చుకి పన్ను మినహాయింపు ఉంటుందా? మనిషికి 25 వేల అడ్వాన్సు ఈ నెలాఖరులోగా కట్టమన్నారు.

జవాబు: అమ్మా, చీటీ పాడొద్దు, నగలు పెట్టొద్దు. ఈసారి మీరొక్కరే వెళ్లండి. అదీ, ఆ 50 వేల కానుక గురించి సరైన జవాబు వచ్చాకే.

ముందు చీటీ సంగతి. 20 వేల వాయిదాకి మీరు 17 వేలు కడుతున్నారంటే డివిడెండు 3 వేలు. 25 మందికి 75 వేలు. కంపెనీ కమీషన్ 5 శాతం అయితే 25 వేలు. అంటే పాట లక్ష దగ్గర తెగుతోంది. ఇప్పుడు పాడితే మీ చేతికి 4 లక్షలు. ఆగి చివరి నెలలో తీసుకుంటే 4.75 లక్షలు. 11 నెలలు ముందుగా తీసుకున్నందుకు 75 వేలు వదులుకుంటున్నారు, ఏడాదికి దాదాపు 20 శాతం వడ్డీ కట్టినట్టు. పైగా పాడుకున్నవాళ్లు జామీనుదార్లను తేవాలి. ఇంత చేసినా 5.40 లక్షలు నిండవు; మిగతా 1.40 లక్షలకి డిపాజిట్ విరవాలి. అప్పుడు ఇంట్లో 80 వేలు మిగులుతాయి, అది ఒక్క నెల ఖర్చుకైనా చాలదు. వచ్చే వేసవి దాటగానే ఫీజు కట్టాల్సిన చీటీ ఖాళీ.

నగల దారీ అంతే. డిపాజిట్ మొత్తం తీసినా ఇంకా 3.20 లక్షలు కావాలి. 10 శాతం వడ్డీ అయితే ఏడాదికి 32 వేలు. ఏడాది తిరిగేసరికి అసలు కూడా కట్టాలి. నెలకు మీకు మిగిలేది 8,400. వడ్డీ మాత్రం కట్టి లోను తిరగరాయించుకుంటూ పోవడమే అవుతుంది, నగ ఇంటికి రాదు.

పాప విషయం డబ్బుకు సంబంధించింది కాదు కానీ చెప్పాలి. రెండో సంవత్సరం పిల్లలకి సంక్రాంతి దాటగానే ప్రాక్టికల్స్, ఆ వెనకే బోర్డు పరీక్షలు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్). ఆ 9 రోజులు తనకి చాలా ఖరీదైనవి. వాళ్ల నాన్న తోడుండాల్సిన సమయం కూడా అదే.

మీరొక్కరే వెళ్తే కానుక కాక 85 వేలు. జూన్ నుంచి డిసెంబరు దాకా 7 నెలలు, నెలకు 8,400 చొప్పున రికరింగ్ డిపాజిట్ వేస్తే 58,800. బోనస్ 35 వేలు కలిస్తే 93,800. పాస్‌పోర్టు, టీకాలు, చేతి ఖర్చు అందులోనే సర్దుకోవాలి. అడ్వాన్సు 25 వేలకి డిపాజిట్ విరవకండి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. మొదటి మూడు నెలలు రికరింగ్‌కి బదులు ఆ డబ్బు దానికే కట్టేయండి. వడ్డీ 500 దాటదు.

ఇక అసలు విషయం. మీరు రాసిన ఖర్చుల్లో నాలుగో పద్దు, ఆశ్రమానికి కానుక. నలుగురికీ 2 లక్షలు, 14 మందికీ 7 లక్షలు. కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాలు 75 శాతం పెరిగాయి. ఆ కాలంలో అక్కడ అనాథలు పెరగలేదు, వచ్చే విదేశీ సందర్శకులు, కానుకలు పెరిగాయి. 2011లో వెలువడిన అధ్యయనంలో ఆ ఆశ్రమాల్లోని పిల్లల్లో నలుగురిలో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో ఎవరో ఒకరు బతికే ఉన్నారు. చదువు, తిండి దొరుకుతాయని పేద తల్లిదండ్రులు పంపారు. మంచం నిండితేనే కానుక వస్తుందంటే పిల్లవాడిని ఇంటికి పంపాలని ఎవరికి ఉంటుంది? ప్రతి సెలవులకీ కొత్త అక్కలు, అన్నలు వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుని పదో రోజున వెళ్లిపోతే ఆ పసివాళ్ల మనసు మళ్లీ మళ్లీ విరుగుతుంది. 2019లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాల్లో స్వచ్ఛంద సేవ వల్ల కలిగే హానిని అరికట్టాలని తీర్మానించింది. మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4 వేలు ఇచ్చేది పిల్లవాడు ఇంట్లో, అయినవాళ్ల దగ్గరే పెరగాలని.

అందుకని పాస్టర్ గారిని వినయంగానే, కానీ రాతపూర్వకంగా అడగండి. ఆ ఆశ్రమానికి కంబోడియా సామాజిక వ్యవహారాల శాఖ అనుమతి ఉందా? ఎంతమంది పిల్లలకి తల్లిదండ్రులున్నారు? గడిచిన ఏడాదిలో ఎంతమంది ఇళ్లకి వెళ్లారు? కానుకలో పిల్లల్ని ఇంటికి చేర్చడానికి, ఊళ్లోనే బడి ఫీజుకి ఎంత పోతుంది? పిల్లలతో ఉండేవారి గురించి పోలీసు ధ్రువీకరణ అడుగుతున్నారా? అసలేమీ అడక్కుండా ఎవరినైనా రానిచ్చే ఆశ్రమం అయితే అక్కడికి వెళ్లొద్దు. ఆ 50 వేలు కుటుంబాల దగ్గరే పిల్లల్ని ఉంచి ఆదుకునే పనికి మళ్లించమని సంఘంలో అడిగే హక్కు మీకుంది.

మీకు నర్సింగ్ వచ్చు. పిల్లల్ని ఎత్తుకోవడం కంటే అక్కడి ఆయాలకి నేర్పడం మేలు: లీటరు శుభ్రమైన నీళ్లలో ఒక పాకెట్ ఓఆర్ఎస్ ఎలా కలపాలి, జ్వరం పట్టీ ఎలా రాయాలి, డెంగీలో ఏ లక్షణం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. దుబాసీ ఉంటే మూడు పూటల పని. మీరు వచ్చేశాక కూడా అక్కడే ఉండిపోయేది ఇదొక్కటే. స్వయంగా వైద్యం మాత్రం చేయకండి, దానికి ఆ దేశంలో నమోదు కావాలి.

పన్ను మినహాయింపు రాదు. ప్రయాణం ఖర్చు విరాళం కాదు. విదేశీ సంస్థకి ఇచ్చినదానికి విరాళాల మినహాయింపు (పాత చట్టంలో 80జి) లేదు. కొత్త పన్ను విధానంలో ఉంటే దేశంలో ఇచ్చినదానికీ లేదు. సంఘం ట్రస్టు తరఫున ఆ 7 లక్షలు విదేశంలో ఖర్చుపెడితే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) అనుమతి లేకపోతే ట్రస్టుకే చిక్కు. 14 మంది తలా కొన్ని డాలర్లు బ్యాగులో పెట్టుకెళ్లి అక్కడ కవరిచ్చే పద్ధతి అసలే వద్దు. ప్రయాణానికని తీసుకున్న కరెన్సీ ప్రయాణానికే. విరాళం బ్యాంకు ద్వారా, విదేశానికి డబ్బు పంపేటప్పుడు నింపే ఏ2 ఫారంలో విరాళమని రాసి పంపాలి.

ఇంకో పొరపాటు మామూలుగా జరుగుతుంది. అందరి డబ్బూ ఒకరి ఖాతాలో వేసి ట్రావెల్ ఏజెంటుకి ఒకే పాన్ ఇస్తారు. 14 మంది టూర్ ప్యాకేజీ మీద ఏజెంటు ముందుగానే వసూలు చేసే పన్ను (టీసీఎస్) అంతా ఆ ఒక్కరి పేరునే పడుతుంది, మీరు రిటర్నులో తిరిగి తెచ్చుకోలేరు. ఆ ఒక్కరేమో విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చుపెట్టినవారిగా, ఆదాయం లేకపోయినా రిటర్ను వేయాల్సి వస్తుంది. మీ బిల్లు మీ పాన్ మీదే చేయించుకోండి.

ఇన్సూరెన్సు పాలసీలో బ్యాంకాక్‌కి తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి, పెద్ద జబ్బు చేస్తే సియెమ్ రీప్ నుంచి అక్కడికే తీసుకెళ్తారు. 2025 జులైలో, డిసెంబరులో థాయ్‌లాండ్ సరిహద్దులో కాల్పులు జరిగాయి. యుద్ధం వల్ల జరిగే నష్టాన్ని మామూలు పాలసీలు మినహాయిస్తాయి. బయల్దేరే ముందు విదేశాంగ శాఖ సూచన చూసుకోండి. ఏ రకం వీసా తీస్తున్నారో కూడా అడగండి, టూరిస్టు వీసా తిరగడానికి, సంస్థలో పనిచేయడానికి కాదు. అక్కడ ఇంటింటి సువార్త నిషిద్ధమని జట్టులో అందరికీ తెలిసుండాలి. డాలర్లు మార్చుకునేటప్పుడు నోటు నోటూ వెలుగుకి పెట్టి చూసుకోండి; అంచు కొంచెం చిరిగినా, పెన్ను గీత ఉన్నా సియెమ్ రీప్‌లో దుకాణదారు తీసుకోడు.

అడ్వాన్సు మాత్రం పై ప్రశ్నలకి కాగితం మీద జవాబు వచ్చాకే కట్టండి. ప్రయాణం ఆగితే 25 వేలలో ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో రసీదు మీదే రాయించుకోండి.