స్టాక్‌లో ఒక్కటే ఉంది, కొనేవాళ్లు ఇద్దరు!

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. షాపింగ్ సైట్ ప్రాజెక్టు చేశాను. ఇంటర్వ్యూలో ‘స్టాక్‌లో ఒక్కటే ఉండి, ఇద్దరు ఒకేసారి బై నొక్కితే ఏమవుతుంది?’ అని అడిగితే తడబడ్డాను. ఇప్పుడు వేరే ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుని ఇంకో ప్రాజెక్టు చేయాలా?

జవాబు: అక్కర్లేదు. ఉన్న ప్రాజెక్టునే గట్టిగా చేయండి. షాపింగ్ సైట్ చేసినవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి లాగిన్ పేజీ చూసి ఎవరూ మెచ్చుకోరు. బ్యాకెండ్ (సైట్ వెనక సర్వర్, డేటాబేస్ పని) ఉద్యోగమే మీ లక్ష్యమైతే, మిమ్మల్ని అడిగిన ఆ ప్రశ్నే మంచి సిలబస్.

మీ కోడ్ బహుశా స్టాక్ ఎంతుందో ముందు చదివి, ఆ తర్వాత ఒకటి తగ్గించి రాస్తోంది. ఈ రెండింటి సందులో రెండో రిక్వెస్ట్ వచ్చి తనూ ‘1’ అనే చదువుతుంది. ఇద్దరికీ ఆర్డర్ ఖాయమవుతుంది, వస్తువు మాత్రం ఒక్కటే. దీన్నే రేస్ కండిషన్ అంటారు. ‘స్టాక్ సున్నా కంటే ఎక్కువుంటేనే ఒకటి తగ్గించు’ అని ఒకే అప్‌డేట్ క్వెరీలో (డేటాబేస్‌కిచ్చే ఆదేశంలో) రాయండి. టేబుల్‌లో ఒక్క రో (వరుస) కూడా మారలేదంటే స్టాక్ అయిపోయినట్టే.

స్టాక్‌ను ఒకరి కోసం ఎప్పుడు పట్టి ఉంచాలన్నది ఇంకా ఆసక్తికరం. కార్ట్‌లో వేయగానే పట్టేస్తే, ఊరికే చూసి పోయేవాళ్ల దగ్గర సరుకంతా ఇరుక్కుంటుంది. డబ్బు కట్టాకే తగ్గిస్తే, కట్టినవాళ్లకు సారీ చెప్పి రీఫండ్ ఇవ్వాల్సి రావచ్చు. మామూలు వస్తువులకైతే చెక్‌అవుట్ మొదలవగానే ఓ 10, 15 నిమిషాలు పట్టి ఉంచడం నాకు సబబుగా తోస్తుంది. నంబరున్న సీట్ల టికెట్లయితే సీటు ఎంచుకోగానే పట్టాల్సిందే.

ఇందుకో రిజర్వేషన్ టేబుల్ పెట్టి, ప్రతి రోలో గడువు సమయం రాయండి. గడువు దాటినవాటిని లెక్కలోకి తీసుకోకపోతే, వాటిని తుడిచే ప్రోగ్రామ్ ఆలస్యంగా నడిచినా ఇబ్బంది ఉండదు. అయితే ఇక్కడ పైన చెప్పిన ఒక్క క్వెరీ చాలదు. డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే పనుల కట్టలో) ఆ వస్తువు రోను లాక్ చేసి, అంటే మన పని అయ్యేదాకా వేరే రిక్వెస్ట్ మార్చకుండా ఆపి, మిగిలిన స్టాక్ లెక్కగట్టి, అప్పుడు రిజర్వ్ చేయాలి.

అసలు టెన్షన్ పేమెంట్ దగ్గర. గడువు ముగిశాక ‘డబ్బు అందింది’ అని పేమెంట్ గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే సర్వీసు) నుంచి కబురొస్తే? సరుకు ఇంకా ఉంటే ఇచ్చేయాలి, లేకపోతే రీఫండ్ చేయాలి. ఆ కబురు రెండుసార్లు కూడా రావచ్చు. పేమెంట్ ఐడీ దాచుకుని, రెండోసారి వస్తే ఏమీ చేయకుండా వదిలేయాలి. చాలా ప్రాజెక్టుల్లో ఈ భాగమే ఉండదు.

ఇవన్నీ అయ్యాక స్టాక్ ఒకటి పెట్టి, ఒకేసారి 100 రిక్వెస్టులు పంపే చిన్న స్క్రిప్టు రాయండి. పాత కోడ్‌తో ఎన్ని ఆర్డర్లు పడ్డాయో, కొత్త కోడ్‌తో ఒక్కటే పడిందో లేదో చూసి, రెండు ఫలితాలూ రీడ్‌మీలో (ప్రాజెక్టును వివరించే ఫైల్‌లో) పెట్టండి. వచ్చే ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ముందు అదే చూపించండి.